ఒకే కుండలోని మెతుకులు



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము లెక్కలకు సంబంధించినది. లెక్క యనగానే పెడచెవిని పెట్టువారు కొందఱు గలరు. వారిని కొంచెము ఓపిక పట్టుడని వేడుచున్నాను. ఇది కేవలము గుణకార భాగహారముల గొడవ కాదు, సాక్ష్యవిచారణ. గుంపులు గుంపులుగా సేకరింపబడిన వివరములనుండి నమ్మదగిన అనుమితి చేయు టెట్లు అనునది ప్రశ్న. సాక్షులను పిలిపించి, వారి మాటలను తూచి, తగవులు తీర్చుట మీకు క్రొత్త గాదు. కావున ఈ విషయము మీ కందదని నేను తలంపను.

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఇల్లాలు కుండలోని మెతుకులన్నియు చిదిమి చూడదు. ఒకటి పట్టి చూచి కుండ దించును. దీనినే మన శాస్త్రజ్ఞులు స్థాలీపులాకన్యాయ మనిరి. స్థాలి యనగా కుండ, పులాక మనగా మెతుకు. ఈ న్యాయము నిలుచుటకు హేతువేమి? కుండలోని మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే మంటపై, ఒకే కాలము ఉడికినవి. అందుచేత ఒక్కటి తక్కినవాని కన్నిటికి సాక్ష్యము చెప్పగలదు. అంతవఱకు సరియే. పెండ్లివంటలో పది పొయ్యిలపై పది గుండిగ లెక్కించినా రనుకొనుడు. వంటవాడు మొదటి గుండిగలోనుండి నూఱు మెతుకులు పట్టి చూచి, "అయ్యా, నూఱు మెతుకులు చూచితిని, వంట యంతయు సిద్ధము, విస్తళ్లు వేయింపుడు" అని చెప్పినచో పెండ్లిపెద్ద ఏమనును? నూఱు చూచిన మాట నిజమే. కాని చూచిన గుండిగ ఒక్కటి. ఏ గుణము మొదటి మెతుకును మంచి సాక్షిగా జేసెనో, ఆ గుణమే తక్కిన తొంబదితొమ్మిదింటిని పనికిరాని సాక్షులుగా జేసినది. నేటి ప్రసంగమంతయు ఈ గుండిగల లెక్కయే.

పొగను చూచి పర్వతమున నిప్పు గలదని యెఱుగుట అనుమితి యని తర్కశాస్త్రము చదివినవారు చెప్పుదురు. పొగ యున్నచోట నిప్పుండి తీరునను వ్యాప్తి దానికి మూలము. లోకవ్యవహారమున ఇట్టి తప్పని వ్యాప్తులు అరుదు. ఎఱువు వేసిన ప్రతి చేనును పండదు. వేయని ప్రతి చేనును ఎండదు. సగటున మాత్రమే ఎఱువు వేసిన చేను కొంత ఎక్కువ పండును. ఆ "కొంత" ఎంత యని కనుగొనుటకు గణాంకశాస్త్రజ్ఞులు ఒక కాగితముపై అడ్డముగ ఎఱువును, నిలువుగ పంటను కొలిచి, ఒక్కొక్క చేనికి ఒక్కొక్క చుక్క పెట్టి, ఆ చుక్కలన్నిటికిని వీలయినంత దగ్గఱగా పోవునట్లు ఒక గీత గీయుదురు. గీత ఎంత నిటారుగ లేచెనో అంత ఎఱువు పనిచేసిన దన్నమాట. దీనికి ప్రతిగమన మని పేరు. పేరు వింతగా దోచును. 1886లో ఇంగ్లండు దేశమున ఫ్రాన్సిస్ గాల్టన్ అనునతడు తల్లిదండ్రుల యెత్తును బిడ్డల యెత్తును పోల్చి, మిక్కిలి పొడగరుల బిడ్డలు సగటువైపునకు కొంత వెనుకకు మరలుదురని చూపెను. ఆ వెనుకకు మరలుటయే ప్రతిగమనము. ఇప్పటి గీతలలో వెనుకకు మరలున దేదియు లేకున్నను పేరు మాత్రము నిలిచిపోయినది. బావి పూడిపోయినను బావిగడ్డ యను పేరు నిలుచుట మీ రెఱుగనిదా!

గీత గీయుట సులభము. అది యెంత నమ్మదగినదో చెప్పుటయే కష్టము. ఈ చేలకు బదులు వేఱు చేలను మచ్చుగా దీసియుండినచో గీత ఎంత కదలియుండునో అను దానికి ఒక కొలత గలదు. దానిని ప్రామాణిక దోష మందురు. దోష మనగా ఎవరో చేసిన తప్పు కాదు. మచ్చు చూచి చెప్పు ప్రతి మాటకును సహజముగ నుండు ఊగులాట. గీత చూపిన ప్రభావము ఈ దోషమునకు సుమారు రెండింతలకు మించినచో, అది కాకతాళీయము కాదని నమ్ముట పండితుల పరిపాటి. మచ్చును నాలుగింతలు చేసినచో దోషము సగమగును. నూఱింతలు చేసినచో పదియవ వంతగును. అందుచేతనే "పదివేలమందిని విచారించితిమి" అని చెప్పినంతనే మనకు నమ్మకము కుదురును.

కాని ఈ సూత్రమునకు ఒక షరతు గలదు. ప్రతి సాక్షియు ఒకరితో నొకరికి సంబంధము లేనివాడై యుండవలెను. పొలముగట్టు తగవులో పదిమంది సాక్షులు వచ్చిరి. విచారింపగా పదిమందియు ఒక్క యింటివారే. గట్టు ఎక్కడ నుండెనో వారి తాత చెప్పగా వినినవారే. మీరు ఆ సాక్ష్యమును పదిగా ఎంచుదురా, ఒకటిగా ఎంచుదురా? పూర్తిగా ఒకటియు కాదు, ఎందుకన వారిలో ఒకడు స్వయముగా చూచి యుండవచ్చును. పదియు మాత్రము కాదు. ఒకటికిని పదికిని నడుమ ఎక్కడనో నిలుచును. ఎక్కడ నిలుచునో చెప్పునదే మన శాస్త్రము.

ఇందుకు ఒక నిజమైన ఉదాహరణ చెప్పెదను. 1976లో ఇంగ్లండున లంకాస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన నెవిల్ బెన్నెట్ అను విద్యాపరిశోధకుడు బోధనశైలులను గూర్చియు, విద్యార్థుల ప్రగతిని గూర్చియు ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ కాలమున ఆ దేశమున రెండు పక్షములు ప్రబలముగ నుండెను. ఒక పక్షమువారు పిల్లలను వరుసలుగా కూర్చుండబెట్టి, గురువు ఎదుట నిలిచి, పాఠము వెంబడి పాఠము చెప్పి, వల్లింపించి, పరీక్షించుటయే చదువనిరి. రెండవ పక్షమువారు పిల్లలను గుంపులుగా కూర్చుండనిచ్చి, తిరుగనిచ్చి, తమకు నచ్చిన పనిని ఎన్నుకొననిచ్చుటయే చదువనిరి. బెన్నెట్ 37 గురు ఉపాధ్యాయులను, వారియొద్ద చదువు సుమారు 950 మంది పిల్లలను తీసికొని, ఉపాధ్యాయుల శైలులను పాతపద్ధతి, మిశ్రమపద్ధతి, స్వేచ్ఛాపద్ధతి యని మూడుగా విడదీసి, పిల్లలను సంవత్సరాదిని ఒకమాఱును, సంవత్సరాంతమున ఒకమాఱును పరీక్షించెను. చదువుటయందును, గణితమునందును, భాషయందును మొత్తముమీద పాతపద్ధతి పిల్లలు ముందంజ వేసిరని తేలెను. లెక్కలు ఆ భేదము కాకతాళీయము కాదని చెప్పెను. పత్రికలు దీనిని విశేషముగ చాటెను. ఆ యేడే అక్టోబరు నెలలో ఆ దేశపు ప్రధానమంత్రి జేమ్స్ కాలహాన్ ఆక్స్‌ఫర్డునందలి రస్కిన్ కళాశాలలో విద్యావిధానమును గూర్చి ఉపన్యసించి, దేశవ్యాప్తమైన చర్చను రేపెను. పిల్లలకు చదువెట్లు చెప్పవలెనను ప్రశ్న రచ్చబండకెక్కిన కాల మది.

నేను అమరకోశము వల్లించి చదువు నేర్చినవాడను. ఎక్కములు వల్లింపించి చదువు చెప్పినవాడను. కావున బెన్నెట్ తీర్పు నా చెవి కింపైన తీర్పు. ఇంపైన తీర్పు చెప్పు సాక్షులను రెండవమాఱు ప్రశ్నించుటకు మనసొప్పదు. అయినను ప్రశ్నింపవలయును; ప్రశ్నించినవారు గలరు.

ప్రశ్న యిది. శైలి యనునది ఎవరిది? పిల్లవానిదా, ఉపాధ్యాయునిదా? ఉపాధ్యాయునిది. ఒక తరగతిలోని పాతికమంది పిల్లలకును శైలి ఒక్కటే. వారికి శైలి యొక్కటే కాదు. ఆ గురువు ఓర్పు ఒక్కటే, ఆ గురువు కంఠస్వరము ఒక్కటే, ఆ గది వెలుతురు ఒక్కటే. వారి తల్లిదండ్రులు తఱచుగ ఒకే పేటవారు. ఒకడు అల్లరి చేసిన పాతికమందికిని పాఠము చెడును. ఒక తరగతి బాగుగా చదివినచో అది శైలి మహిమయో, ఆ గురువు సొంత ప్రతిభయో ఆ తరగతిని మాత్రమే చూచి ఎవరు చెప్పగలరు? శైలిని శైలితో పోల్చవలెననిన ఉపాధ్యాయులను లెక్కింపవలెను. ఉపాధ్యాయులు 37 గురు. తొలి లెక్క మాత్రము 950 మంది పిల్లలను 950 మంది వేర్వేఱు సాక్షులుగా నెంచినది. గుండిగలు 37, మెతుకులు 950.

1981లో మరే ఐట్కిన్ అను గణాంకశాస్త్రజ్ఞుడు, జేన్ హెస్కెత్, నెవిల్ బెన్నెట్ మువ్వురును గూడి ఆ వివరములనే మఱల పరిశీలించి ప్రకటించిరి. బెన్నెట్ పేరు వింటిరి గదా! తన గ్రంథమును తానే మఱల తూకమునకు బెట్టిన ఆ పండితుని పెద్దమనసు మెచ్చుకొనదగినది. పిల్లలు తరగతులుగా గుంపు గూడియున్న సంగతిని లెక్కలోనికి దీసికొనగానే శైలుల నడుమ కనబడిన భేదము సార్థకము కాకపోయెను. నిష్పక్షపాతముగా చెప్పవలెననిన, వారు శైలులను విడదీయు పద్ధతిని గూడ ఈసారి మార్చిరి; మార్పు అంతయు గుంపుల వలననే వచ్చినదని నేననను. కాని గుంపుల లెక్క ముఖ్యకారణములలో నొకటి. ఇచట తొందరపడి స్వేచ్ఛాపక్షమువారు జయభేరి మ్రోగింపరాదు. భేదము లేదని ఋజువు కాలేదు. భేదము గలదని ఋజువు కాలేదు. ఈ రెండు వాక్యములును ఒక్కటి గావు. సాక్ష్యము చాలక వ్యాజ్యము కొట్టివేసినంతమాత్రమున ముద్దాయి నిర్దోషి యని తీర్మానించినట్లు కాదు గదా.

ఇక లెక్క ఎట్లు చేయుదురో చెప్పెదను. ఒకే గుంపులోనివారు ఒకరినొకరు ఎంత పోలియుందురో కొలుచు సంఖ్య యొకటి గలదు. దానిని మనము గుంపుపొందిక యందము. ఆర్. ఎ. ఫిషర్ అను మహాపండితుడు 1925లో ప్రకటించిన గ్రంథమున దీనిని కొలుచు విధమును వివరించెను. ఒక గుంపులోనివారికి పరులకంటె ఎక్కువ పోలిక లేనిచో పొందిక సున్న. అందఱును అచ్చుగుద్దినట్లున్నచో పొందిక ఒకటి. సామాన్యముగ ఈ రెండింటి నడుమ నుండును. గుంపులో ఎందఱున్నారో ఆ సంఖ్యనుండి ఒకటి తీసివేసి, మిగిలినదానిని పొందికతో గుణించి, వచ్చిన దానికి ఒకటి కలుపుడు. మనము చూచిన తలల సంఖ్యను దీనితో భాగించినచో నిజమైన సాక్షుల సంఖ్య వచ్చును. ఈ భాజకమునకు లెస్లీ కిష్ అనునతడు 1965లో ప్రకటించిన తన గ్రంథమున పథకప్రభావ మను అర్థమిచ్చు పేరు పెట్టెను.

25 పాఠశాలలు, ఒక్కొక్క దానిలో 40 మంది పిల్లలు, మొత్తము 1000 మంది యనుకొనుడు. పొందిక 0.2 అనుకొనుడు. 39ని 0.2తో గుణింప 7.8, ఒకటి కలుప 8.8. వేయిని 8.8తో భాగింప సుమారు 114. వేయిమంది సాక్షులు నూటపదునాలుగురైరి! ప్రామాణిక దోషము దాదాపు మూడింతలయ్యెను. తొలుత తన దోషమునకు నాలుగింతలుగా కనబడి, సందేహమునకు తావే లేదనిపించిన ప్రభావము ఇప్పుడు ఒకటింబావు ఇంతల కొంచెముపైన నిలిచి, కాకతాళీయమన్నను కాదనలేని స్థితికి దిగజాఱెను. పొందిక మిక్కిలి స్వల్పమై 0.05 మాత్రమే యున్నచో నేమగును? భాజకము 2.95, సాక్షులు 339 మంది. చూచిరా! ఇంటికి వచ్చిన చుట్టమంత చిన్న పొందికయే మూడింట రెండుపాళ్లు తినివేసినది. గుంపు పెద్దదైనకొలది ఈ తిండి పెరుగును. గుంపులోనివారందఱికిని ఒకే విధముగ వర్తించు విషయమును, అనగా గురువు శైలి, ఊరి చెఱువు, జిల్లా శాసనము వంటివానిని పరీక్షించునపుడు ఈ లెక్క పూర్తిగా వర్తించును. అట్లుగాక ప్రతి పాఠశాలలోను చీట్లు వేసి సగముమందికి పుస్తకములిచ్చి, సగముమందికి ఈయక, అదే పాఠశాలలోనివారిని అక్కడనే పోల్చినచో, ఆ గురువు, ఆ గది ఉభయులకును సమానమే కావున వాని ప్రభావము చాలవఱకు తీసివేతలో పోవును.

మీ అనుభవములోని సంగతి యొకటి. పంటల బీమాకొఱకు గ్రామములలో పంటకోత ప్రయోగములు జరుగుచుండును. ఊరిలో నాలుగు చేలయందు కొలత ప్రకారము మడి గుర్తించి, కోసి, నూర్చి, తూచి, దిగుబడిని కట్టుదురు. నాలుగును ఒకే యూరివి; ఒకే వాన, ఒకే కాలువ, ఒకే తెగులు. మఱి ఇవి వ్యర్థసాక్షులేనా? కావు. అడిగిన ప్రశ్న ఆ యూరి దిగుబడిని గూర్చినది కావున ఆ యూరి మెతుకులే కావలెను. అదే నాలుగు చేల తూకమును చూపి జిల్లా యంతటికిని ఈ యేడు పంట బాగున్నదని వ్రాసినచో అప్పుడది మొదటి గుండిగ కథ యగును. గుంపులను లెక్కింపవలెనా, తలలను లెక్కింపవలెనా యనునది వివరములను మాత్రము చూచి తేల్చునది కాదు. మచ్చు ఎట్లు తీసిరి, ఏది ఎవరికి ఎట్లు పంచిరి, ఎవరిని గూర్చి మాటాడదలచిరి అనుదానిని బట్టి తేల్చునది. ఈ మాటను అబడీ, ఏథీ, ఇంబెన్స్, వుల్‌రిడ్జ్ అను నలుగురు పండితులు 2023లో ప్రకటించిన వ్యాసమున విస్తరించి వ్రాసిరి. పిల్లలు ఒకరినొకరు పోలియున్నారు గదా యని కనబడిన ప్రతిచోట గుంపులు కట్టుటయు తప్పే యని వారి హెచ్చరిక.

చికిత్స యేమి? మొదటిది మిక్కిలి సులభము. ఒక్కొక్క పాఠశాలకు ఒక్క సగటు కట్టి, ఆ సగటులతోనే గీత గీయుట. వేయి చుక్కలు పోయి పాతిక చుక్కలు మిగులును. చూపునకు దరిద్రముగా నుండును గాని మోసము లేదు. రెండవది కొంచెము సూక్ష్మమైనది. గీతకు ఒక్కొక్క చుక్క ఎంత పైననో క్రిందనో యుండును. ఆ తేడాను శేష మందురు. పాతలెక్క ప్రతి పిల్లవాని శేషమును వేఱుగా వర్గించి కలుపును. కొన్ని పైకి కొన్ని క్రిందికి ఒడిదుడుకుగా నున్నవని నమ్మి అట్లు చేయును. ఒక పాఠశాలలో శేషములన్నియు ఒకే వైపునకు వంగియున్నచో ఆ నమ్మకము చెడును. కావున మొదట పాఠశాలలోని శేషములను తగిన తూకముతో కలిపి, ఆ మొత్తమును అప్పుడు వర్గింపవలయును. అన్నదమ్ములందఱును ఒకే మాట చెప్పినచో మొత్తము పెద్దదై దోషము పెద్దదిగా తేలును. ఒకరి మాట నొకరు ఖండించుకొన్నచో చిన్నదియే యగును. 1986లో లియాంగ్, జీగర్ అను ఇరువురు ఈ విధానమును విరివిగా వాడుకలోనికి వచ్చునట్లు వ్రాసిరి. సూత్రమున ఇరుప్రక్కల ఒకే గుణకముండి నడుమ ఈ వర్గముల మొత్త ముండును గాన, రెండు రొట్టెముక్కల నడుమ కూర పెట్టు శాండ్‌విచ్ అను తిండి పేరే దీనికి పెట్టిరి. మనవారు కనిపెట్టియుండినచో బూరె యందురు గాబోలు.

ఈ జాగ్రత్తలతో మన తెలుగునేలమీదనే జరిగిన పరిశోధన యొకటి గలదు. 2005లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామసీమలలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలందు, పిల్లలు బాగుగా నేర్చినచో ఉపాధ్యాయునకు బహుమాన మిచ్చుట వలన లాభము గలదా యను పరీక్ష మొదలాయెను. కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనువారు దీనిని నడిపిరి. 300 పాఠశాలలను తీసికొని, చీట్లు వేసినట్లుగా విడదీసి, నూఱింటికి ఉపాధ్యాయులకు విడివిడిగా బహుమానమును, నూఱింటికి పాఠశాలలోని ఉపాధ్యాయులందఱికిని కలిపి బహుమానమును ప్రకటించి, నూఱింటిని మునుపటివలెనే విడిచిరి. పంచినది పాఠశాలలకు గాని పిల్లలకు గాదు. కావున పిల్లలు వేలకొలదిగా నున్నను ప్రామాణిక దోషమును పాఠశాలలను గుంపులుగా నుంచి కట్టిరి. రెండేండ్ల తరువాత బహుమానమున్న పాఠశాలల పిల్లలు గణితమున 0.27, భాషయందు 0.17 ప్రామాణిక విచలనములు ముందుండిరి. ఈ భేదములు గుంపుల లెక్కకును నిలిచినవి. ఫలితము 2011లో ప్రకటితమైనది. పైకము ఆశ చూపి చదువు చెప్పించుట ధర్మమా యని నన్నడిగినచో నా సమాధానము వేఱుగా నుండును. అది వేఱొకనాటి ప్రసంగము. లెక్కమాత్రము సరియైన లెక్క.

గుంపు అనునది ఒక చోట నున్నవారే కానక్కఱలేదు. ఒక్కడే పదియేండ్లు చెప్పిన సాక్ష్యమును గుంపే. నిరుడు కఱవు వచ్చిన జిల్లాకు ఈ యేడును దాని నీడ యుండును. అమెరికాదేశమున రాష్ట్రములు చేయు శాసనములు మంచి చేసెనా చెడు చేసెనా యని తేల్చుటకు, శాసనమున్న రాష్ట్రములను లేని రాష్ట్రములను ముందు వెనుకల సంవత్సరములతో పోల్చుట పరిపాటి. 2004లో బెర్ట్రాండ్, డఫ్లో, ముల్లైనాథన్ అను మువ్వురు ఒక చమత్కారమైన పరీక్ష చేసిరి. 1979 నుండి 1999 వఱకు గల స్త్రీల వేతనముల వివరములను తీసికొని, ఎన్నడును పుట్టని శాసనములను ఊహించి, కంటికి దోచిన రాష్ట్రములకు, కంటికి దోచిన సంవత్సరములలో వానిని అంటగట్టి, వాని ప్రభావమును లెక్కించిరి. లేని శాసనమునకు ప్రభావ మెక్కడిది? సరియైన లెక్కయైనచో నూటికి ఐదుమాఱులు మాత్రమే పొరపాటున ప్రభావము గలదని చెప్పవలెను. వాడుకలోని లెక్క నూటికి నలువదియైదు మాఱులవఱకు ప్రభావము గలదని చెప్పినది! గొడ్డుటావు పాలిచ్చుచున్నదని సగము దినములు చాటుచున్న లెక్కను నమ్మి ఎన్ని శాసనములకు కీర్తియో అపకీర్తియో కట్టబెట్టిరో. రాష్ట్రము నంతటిని, దాని సంవత్సరములన్నిటితో గూడ, ఒక్క గుంపుగా నెంచినచో ఈ దోషము చాలవఱకు తగ్గునని వారే చూపిరి; గుంపులు తగినన్ని యున్నచో.

ఆ "తగినన్ని" యను మాటలోనే చిక్కు గలదు. ఇంతకుముందు చెప్పిన బూరె పద్ధతి గుంపులు ఎక్కువగా నున్నపుడు మాత్రమే నమ్మదగినది. గుంపులు కొద్దియైనచో అదియు దోషమును తక్కువగా చూపి మోసగించును. ఎన్ని చాలునను దానికి నియతసంఖ్య లేదు. నలువది యేబదియైన నుండవలెనని తఱచుగ చెప్పుదురు. ఒక గుంపు కొండంతయు, ఒకటి గోరంతయు నున్నచో అవియు చాలకపోవచ్చును. ఇట్టి చోటులకు 2008లో కామెరాన్, గెల్‌బాక్, మిల్లర్ అనువారు ఒక ఉపాయమును చూపిరి. మొదట ప్రభావమే లేదనుకొని గీత గీయుదురు. ఆ గీతనుండి కట్టిన శేషములకు ఊరికొక్క నాణెము చొప్పున ఎగురవేయుదురు. బొమ్మ పడిన యూరి శేషములన్నియు ఉన్నవి యున్నట్లే. బొరుసు పడిన యూరి శేషములన్నియు, పైవి క్రిందికి, క్రిందివి పైకి. ఊరిలోని పొందిక చెడదు, ఏలయన ఊరంతయు ఒక్కమాఱే తిరుగును. ఇట్లు పుట్టిన క్రొత్త పంటలతో మఱల గీత గీయుదురు. యంత్రముచేత దీనిని వేలకొలది మాఱులు చేయించి, ప్రభావము లేని లోకమున ఇంత నిటారు గీత ఎన్నిమాఱులు పుట్టునో లెక్కింతురు. అరుదుగా పుట్టినచో మన ప్రభావము నిజము కావచ్చును.

ఇందులోను హద్దు గలదు. ఊళ్లు ఆఱే యున్నచో బొమ్మ బొరుసులు 64 విధములుగా మాత్రమే పడగలవు; యంత్రముచేత లక్షమాఱులు తిప్పించినను ఆ 64 విధములే తిరిగి తిరిగి వచ్చును. ఇక ఒక యూరిలో క్రొత్త విత్తనము వేసి, ప్రక్కయూరిలో వేయక, రెండు ఊళ్లలోను ఐదేసివందల రైతులను విచారించినచో ఏ పండితుడును ఏ సూత్రమును రక్షింపజాలడు. విత్తనమునకును ఊరికిని తేడా తెలియు మార్గమే లేదు.

కావున ఎక్కడెక్కడ విచారింపవలెనో ముందుగనే నిర్ణయింతురు. పొందిక 0.1 అనుకొనుడు. 5 ఊళ్లలో 200 మంది చొప్పున వేయిమందిని విచారించినచో భాజకము 20.9; నిజమైన సాక్షులు 48 మంది. అదే వేయిమందిని 50 ఊళ్లలో 20 మంది చొప్పున విచారించినచో భాజకము 2.9, సాక్షులు 345 మంది. తలలు అవే వేయి. ఐనను 50 ఊళ్లకు పోవుటకు బండి కావలె, బస కావలె, ఊరూర మునసబువంటి పెద్దను పలుకరించి నమ్మకము కుదుర్చుకొనవలె. 5 ఊళ్లైనచో వారము దినములలో పని ముగియును. అందుచేత పైకము లెక్కజూచు అధికారి 5 ఊళ్లవైపునకు లాగును, గణాంకశాస్త్రజ్ఞుడు 50 ఊళ్లవైపునకు లాగును. ఒక ఊరికి పోవుటకయ్యెడు ఖర్చును, ఒక మనిషిని విచారించుటకయ్యెడు ఖర్చును, పొందికను మూడింటిని కలిపి తూచి, ఊరికెందఱు చాలుదురో తేల్చు సూత్రములును గలవు. ఊరినుండి ఊరికి పోవు ఖర్చు హెచ్చినకొలది ఊరికి మనుష్యులు హెచ్చుదురు, పొందిక హెచ్చినకొలది తగ్గుదురు. నాకిచ్చిన కాలము ముగిసినది. సెలవు.